ఖర్చు పెట్టిన మాట నిజమే... మరి కాగితమేదీ?

పన్ను సందేహాలు – పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే చిక్కు గురించి అడిగినవే: ఖర్చు నిజంగా అయింది, అధికారి ఒప్పుకోవడం లేదు. అందుకని ఈ సంచిక మొత్తాన్ని రుజువుల సంగతికే కేటాయించాం. 2026 ఏప్రిల్ 1 నుంచి ఆదాయపు పన్ను చట్టం, 2025 అమల్లోకి వచ్చినప్పటికీ, అంతకుముందు సంవత్సరాల వివాదాలన్నీ 1961 నాటి పాత చట్టం ప్రకారమే తేలుతాయి కాబట్టి, కింద ఇచ్చిన సెక్షన్ల సంఖ్యలు పాత చట్టానివేనని గమనించగలరు.

ప్రశ్న: మాది తూర్పు గోదావరి జిల్లా. పంచాయతీరాజ్, ఆర్ అండ్ బీ శాఖల పనులు చేసే చిన్న కాంట్రాక్టరును. ఏడాదికి రూ.1.6 కోట్ల పనికి రూ.48 లక్షలు కూలీ ఖర్చు చూపాను. ప్రతి శనివారం మేస్త్రీలకు నగదు ఇస్తే వాళ్లు కూలీలకు పంచుతారు. వోచర్లన్నీ సొంతంగా రాసుకున్నవేనంటూ అధికారి అందులో 20 శాతం, అంటే రూ.9.6 లక్షలు, కొట్టేసి ఆదాయానికి కలిపారు. నా లెక్కలు ఆడిట్ అయినవే. అప్పీలుకు వెళితే నిలబడతానా?

జవాబు: ఆడిట్ నివేదిక ఉన్నంత మాత్రాన ఖర్చు రుజువైనట్టు కాదు. ఖర్చును ఆదాయంలోంచి తగ్గించమని అడిగేవారే దానికి కావలసిన వాస్తవాలను నిరూపించుకోవాలని కలకత్తా ఏజెన్సీ కేసులో సుప్రీంకోర్టు 1950లోనే చెప్పింది. ఒప్పందం ఉంది, డబ్బు చెల్లించాం అన్నంత మాత్రాన అది పూర్తిగా వ్యాపారం కోసమేనని అధికారి ఒప్పుకోనవసరం లేదని ఆ తర్వాత లక్ష్మీరతన్ కాటన్ మిల్స్ కేసులో ఇంకో అడుగు ముందుకు వేసింది. కాబట్టి రుజువు భారం మీదే. అయితే దీనికి రెండో వైపు కూడా ఉంది. సాక్ష్యాధారాల సాంకేతిక నియమాలు పన్ను అధికారికి వర్తించకపోయినా, ఏ ఆధారమూ లేకుండా కేవలం ఊహ మీద పన్ను వేయడానికి వీల్లేదని 1954లో ఢాకేశ్వరి కాటన్ మిల్స్ కేసులో అదే కోర్టు స్పష్టం చేసింది. మీ అప్పీలుకు ఊపిరి ఇక్కడే ఉంది. 20 శాతమే ఎందుకు, 12 ఎందుకు కాదు, 25 ఎందుకు కాదు? మీ ఉత్తర్వులో అధికారి ఫలానా వోచరు తప్పు, ఫలానా తేదీ మస్టరు (కూలీల హాజరు పట్టీ) నమ్మదగినది కాదు అని ఎక్కడైనా రాశారేమో చూడండి. సెక్షన్ 145(3) కింద లెక్కల పుస్తకాలను తిరస్కరించకుండా, ఒక్క లోపమైనా వేలెత్తి చూపకుండా గుండుగుత్తగా కోసిన శాతాలను ట్రిబ్యునళ్లు చాలాసార్లు కొట్టేశాయి. అలాగని ధీమాగా ఉండకండి; లోపాలు కొంత కనిపించినప్పుడు పూర్తిగా కొట్టేయకుండా, శాతాన్ని తగ్గించి సరిపెట్టిన తీర్పులు కూడా తక్కువేమీ కాదు. మీది ఏ గట్టున పడుతుందనేది మీ మస్టర్ల మీద ఆధారపడి ఉంటుంది.

వాటిని అప్పీలు అధికారి చూడబోయే కళ్లతో ముందు మీరే చూడండి. ఏడాది మస్టరంతా ఒకే కలంతో, ఒకే చేతిరాతతో, ఒక్క కొట్టివేత కూడా లేకుండా ఉంటే అది పని జరిగిన చోట రాసింది కాదని ఎవరికైనా తెలిసిపోతుంది. భోగి, సంక్రాంతి, కనుమ మూడు రోజులూ నలభై మంది హాజరైనట్టు గళ్లు నిండి ఉంటే, గోదావరి జిల్లాలో అది నమ్మే అధికారి ఉండడు. దానికి భిన్నంగా మట్టి మరకలు పడి, ఒకరి పేరు కొట్టేసి ఇంకొకరి పేరు రాసి, వాన పడిన రోజు సగం గళ్లు ఖాళీగా ఉన్న మస్టరు చూడటానికి ఎంత వికారంగా ఉన్నా, వాదనలో దానికే విలువ ఎక్కువ.

మీరు రాసుకున్నవి కాకుండా పరాయి చేతిరాతలో ఉన్న ఆధారం మీ దగ్గర ఒకటి ఉంది, చాలామంది కాంట్రాక్టర్లు దాన్ని పట్టించుకోరు: శాఖ ఇంజనీరు రాసిన ఎం.బుక్ (పని కొలతల పుస్తకం). ఏ తేదీన ఎన్ని ఘనపు మీటర్ల మట్టి పని, ఎంత కాంక్రీటు అయిందో అందులో ప్రభుత్వమే కొలిచి రాసింది. ప్రామాణిక రేట్ల పట్టికకు ఆధారమైన లెక్కల్లో ఒక్కో పని యూనిట్‌కు ఎంతమంది కూలీలు పడతారో ఉంటుంది. ఎం.బుక్‌లోని పరిమాణాలకు ఆ లెక్క వర్తింపజేసి, వచ్చిన కూలీ మొత్తాన్ని మీరు చూపిన రూ.48 లక్షల పక్కన పెట్టండి. దాంతోపాటు గత మూడు నాలుగేళ్లలో బిల్లు మొత్తంలో కూలీ ఖర్చు ఎంత శాతం ఉందో, పన్ను శాఖ ఆ శాతాన్ని ఎప్పుడెప్పుడు ఒప్పుకుందో ఒక పట్టికగా ఇవ్వండి. మీ సొంత వోచర్లకు బలం ఈ రెండింటి నుంచే రావాలి.

మీరు అడగకపోయినా చెప్పవలసిన విషయం ఇంకొకటుంది. ఒక మనిషికి ఒక రోజులో నగదుగా రూ.10,000 మించి ఇస్తే, సెక్షన్ 40ఏ(3) కింద ఆ ఖర్చు మొత్తం పోతుంది. ఖర్చు నిజమేనని తేలినా సరే పోతుంది. శనివారం మేస్త్రీ చేతిలో పెట్టిన రూ.60,000 ఆయనకు ఇచ్చినట్టా, ఆయన ద్వారా కూలీలకు ఇచ్చినట్టా అన్నదే ప్రశ్న. ఆయన మీ తరఫున నగదు పంచే ఏజెంటు అయితే రూల్ 6డీడీ(కే) రక్షణ ఉంటుంది. అలా కాకుండా ఆయన పనిని గుత్తకు తీసుకున్న సబ్ కాంట్రాక్టరు అయితే ఆ రక్షణ ఉండదు సరికదా, గత సంవత్సరం మీ టర్నోవరు కోటి దాటి ఉంటే సెక్షన్ 194సీ కింద టీడీఎస్ కోయనందుకు 30 శాతం ఖర్చును తిరస్కరించే ప్రమాదం కూడా ఉంది. ఒకచోట మేస్త్రీని ఏజెంటనీ, మరోచోట సబ్ కాంట్రాక్టరనీ చెబితే రెండు వాదనలూ పోతాయి. కూలీల పేర్లు, ఒక్కొక్కరికి ముట్టిన సొమ్ము ఉన్న పంపకం పట్టీ మీద మేస్త్రీ సంతకం ఉంటే ఏజెంటు వాదన నిలబడుతుంది.

ఉత్తర్వు అందిన 30 రోజుల్లో ఫారం 35లో ఆన్‌లైన్‌గా కమిషనర్ (అప్పీల్స్) వద్ద అప్పీలు వేయాలి. కింది అధికారికి ఇవ్వని కొత్త కాగితాలను అక్కడ ఇవ్వాలంటే, అప్పుడు ఎందుకు ఇవ్వలేకపోయారో రూల్ 46ఏ కింద కారణం చూపాలి. "అధికారి మూడు రోజులే గడువిచ్చారు" అన్నది సరైన కారణమే, అయితే ఆ నోటీసు తేదీలు జతచేయండి. వివాదంలో ఉన్న పన్నులో 20 శాతం కడితే మిగతా వసూలును సాధారణంగా అప్పీలు తేలేవరకు ఆపుతారు. పెనాల్టీ నోటీసు విడిగా వస్తుంది, దానికి విడిగానే జవాబివ్వాలి. ఆదాయం తక్కువ చూపినందుకు పన్నులో 50 శాతం పెనాల్టీ అయితే, "ఏ ఆధారంతోనూ రుజువు కాని ఖర్చు" అని ముద్ర పడితే సెక్షన్ 270ఏ కింద అది 200 శాతానికి పెరుగుతుంది. మీ కేసులో ఆధారాలు ఉన్నాయి, అవి చాలలేదన్నదే ఆరోపణ. ఆ తేడాను జవాబులో మొదటి పేరాలోనే రాయండి.

ప్రశ్న: విజయవాడ అజిత్‌సింగ్ నగర్‌లో మాకు ప్లాస్టిక్ సామాను హోల్‌సేల్ షాపు ఉంది. 2024 సెప్టెంబరులో బుడమేరు వరదకు షాపు మునిగి బిల్లు పుస్తకాలు, కంప్యూటరు అన్నీ పోయాయి. 2023-24 సంవత్సరానికి స్క్రూటినీ నోటీసు వచ్చింది. పుస్తకాలు లేవని రాసిస్తే సరిపోతుందా?

జవాబు: సరిపోదు, కానీ మీరు భయపడుతున్నంత నష్టమూ లేదు. పుస్తకాలు పోయాయన్న విషయాన్ని ముందు బయటివారి కాగితాలతో నిలబెట్టండి: బీమా సర్వేయరు నివేదిక, వరద తర్వాత ప్రభుత్వ సిబ్బంది నష్టాన్ని నమోదు చేసిన వివరాలు, ఫొటోలు, పోలీసు ఫిర్యాదు ఇచ్చి ఉంటే దాని రసీదు. ఆ తర్వాత లెక్కను మళ్లీ కట్టండి. మీ కొనుగోళ్లు జీఎస్టీ పోర్టల్‌లో జీఎస్టీఆర్-2బి రూపంలో, అమ్మకాలు జీఎస్టీఆర్-1లో భద్రంగా ఉన్నాయి. ఈ-వే బిల్లుల వివరాలు, బ్యాంకు స్టేట్‌మెంట్లు తెచ్చుకోవచ్చు. సరుకు పంపిన కంపెనీల నుంచి వారి పుస్తకాల్లో మీ ఖాతా నకలును సంతకంతో తెప్పించుకోండి. లారీ ఆఫీసుల్లో ఎల్‌ఆర్ (లారీ రసీదు) నకళ్లు దొరికితే రవాణా ఖర్చు కూడా కుదురుతుంది. మీ ఆడిటరు ఆఫీసులో టాలీ బ్యాకప్ ఉందేమో ఇవాళే అడగండి.

మిగిలేవి హమాలీ, టీ, షాపు అద్దె, గుమాస్తాల జీతాలు. అద్దెకు యజమాని ధ్రువీకరణ, జీతాలకు గుమాస్తాల ధ్రువీకరణలు సరిపోతాయి. హమాలీకి కాగితం తిరిగి పుట్టదు. వరదకు ముందు సంవత్సరాల రిటర్నుల్లో కొనుగోళ్లకు హమాలీ ఎంత శాతం ఉందో చూపి, అంతే ఇవ్వమని అడగండి. పాత తేదీలతో కొత్త బిల్లు పుస్తకం మాత్రం తయారు చేయకండి. లెక్కల్లో తప్పుడు ఎంట్రీ దొరికితే సెక్షన్ 271ఏఏడీ కింద ఆ ఎంట్రీ మొత్తానికి సమానమైన పెనాల్టీ వేయవచ్చు, పైగా వరద గురించి మీరు చెప్పిన నిజాన్ని కూడా ఎవరూ నమ్మరు. నోటీసుకు అసలు స్పందించకపోతే సెక్షన్ 144 కింద అధికారి తనకు తోచిన అంచనా వేస్తారు, అందులో వరద సానుభూతికి చోటుండదు.

మునిగిన సరుకు నష్టం 2024-25 లెక్కలోకి వస్తుంది గానీ ఈ నోటీసు సంవత్సరంలోకి రాదు. ఆ సరుకు మీద తీసుకున్న ఇన్‌పుట్ క్రెడిట్‌ను (కొన్నప్పుడు కట్టిన జీఎస్టీకి పొందిన తగ్గింపును) జీఎస్టీలో వెనక్కి కట్టవలసి ఉంటుంది. చాలామంది వ్యాపారులు ఇది మరిచిపోయారు.

ప్రశ్న: గుంటూరులోని మా ఇల్లు 2024 డిసెంబరులో అమ్మాను. 2009-10లో సుమారు రూ.8 లక్షలతో పై అంతస్తు వేశాను. తాపీ పని, సిమెంటు, ఇనుము అన్నీ నగదుతోనే. ఒక్క బిల్లూ లేదు. ఆ ఖర్చు వదులుకోవలసిందేనా?

జవాబు: వదులుకోవద్దు, ఎందుకంటే అది చిన్న మొత్తం కాదు. 2024 జూలై 23కు ముందు కొన్న ఇల్లు కాబట్టి, దేశంలో నివసించే వ్యక్తిగా మీరు 12.5 శాతం పన్ను, లేదా ధరల పెరుగుదల సూచీతో పెంచిన ఖర్చు తీసేసి 20 శాతం పన్ను, ఈ రెంటిలో తక్కువైనది కట్టవచ్చు. రెండో పద్ధతిలో 2009-10 సూచీ 148, 2024-25 సూచీ 363 కాబట్టి మీ రూ.8 లక్షలు దాదాపు రూ.19.62 లక్షలవుతాయి, అంటే సెస్సు కాకుండానే సుమారు రూ.3.92 లక్షల పన్ను తేడా.

పై అంతస్తు ఉందన్న సంగతికి మీ ఇంట్లోనే రుజువుంది. మీరు కొన్నప్పటి దస్తావేజు షెడ్యూలులో ఒక్క అంతస్తు వర్ణన, ఇప్పుడు అమ్మిన దస్తావేజులో రెండు అంతస్తుల వర్ణన ఉంటాయి. ఈ రెండూ పక్కపక్కన పెడితే మధ్యలో ఎవరో కట్టారన్నది తేలిపోతుంది. ఎప్పుడు కట్టారన్నదానికి నగరపాలక సంస్థ ప్లాను అనుమతి, ఇంటి పన్ను పెంచిన నోటీసు, పై వాటాకు తీసుకున్న రెండో కరెంటు మీటరు తేదీ చూపండి. ఎంతయిందన్నదానికి ఆ నెలల్లో బ్యాంకు నుంచి తీసిన నగదు, పీఎఫ్ అడ్వాన్సు, బంగారం తాకట్టు వంటివాటి వివరాలు, వాటితో పాటు రిజిస్టర్డ్ వాల్యూయరు చేత ఆనాటి రేట్ల ప్రకారం లెక్క కట్టించిన నివేదిక ఇవ్వండి. వాల్యూయరు నివేదిక ఒక్కటే పెట్టి ఊరుకుంటే, అది అంచనా మాత్రమేనని తోసిపుచ్చడం అధికారికి తేలిక. డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో చూపిన నివేదికను అలా తీసిపారేయలేరు. రంగులు, మరమ్మతులు, సోఫాలు ఇందులో కలపకండి. ఒక్క అనర్హమైన వస్తువు దొరికినా మొత్తం పట్టికను అనుమానంతో చూస్తారు.

ప్రశ్న: హైదరాబాద్‌లో ఐటీ ఉద్యోగం. పాత పన్ను విధానంలో ఉన్నాను. మామగారి ఇంట్లో ఉంటూ నెలకు రూ.20,000 అద్దె నగదుగా ఇచ్చి హెచ్‌ఆర్‌ఏ (ఇంటి అద్దె భత్యం) మినహాయింపు తీసుకున్నాను. కంపెనీ ఒప్పుకుంది. ఇప్పుడు నోటీసు వచ్చింది.

జవాబు: కంపెనీ ఒప్పుకోవడం టీడీఎస్ వరకే, అధికారిని అది కట్టిపడేయదు. మామగారికి అద్దె ఇవ్వకూడదని చట్టంలో ఎక్కడా లేదమ్మా. ఇల్లు ఆయన పేరున ఉందా, డబ్బు నిజంగా చేతులు మారిందా, ఆయన తన రిటర్నులో ఆ అద్దె చూపారా అన్నవే మూడు ప్రశ్నలు. ఏడాదికి రూ.లక్ష దాటిన అద్దె కాబట్టి ఆయన పాన్ మీరు ఇచ్చే ఉంటారు. అంటే ఆయన రిటర్నును వాళ్లు ఈపాటికే చూసి ఉంటారని అనుకోండి. ఆయన చూపకపోతే, గడువు ఉన్నంతవరకు అదనపు పన్ను కట్టి నవీకరించిన రిటర్ను వేయవచ్చు; విచారణలో ఉన్న సంవత్సరానికి మీరు మాత్రం ఆ పని చేయలేరు. ప్రతి నెల మొదటి వారంలో మీ జీతం ఖాతా నుంచి నగదు తీసిన వరస కనిపిస్తే అది మీకు పెద్ద ఆసరా. అలా లేకపోతే, పన్నెండు రసీదులు ఒకే సాయంత్రం కూర్చుని రాసి రెవెన్యూ స్టాంపులు అంటించడం కన్నా మినహాయింపు వదులుకుని పన్ను, వడ్డీ కట్టడమే చవక. ఈ నెల నుంచైనా అద్దె బ్యాంకు ద్వారా పంపండి.

ప్రశ్న: కరీంనగర్‌లో క్లినిక్ నడుపుతున్న డాక్టరును. ఏ కాగితాలు, ఎన్నేళ్లు దాచాలి?

జవాబు: ఏడాది వసూళ్లు రూ.50 లక్షల లోపు ఉండి (నగదు 5 శాతం మించకపోతే రూ.75 లక్షల వరకు), వాటిలో కనీసం సగం లాభంగా చూపితే సెక్షన్ 44ఏడీఏ కింద పుస్తకాల బెడద ఉండదు. సగం కన్నా తక్కువ చూపదలిస్తే చిట్టా, జర్నల్, ఆవర్జా, మీరిచ్చిన బిల్లుల నకళ్లు, మీకు వచ్చిన అసలు బిల్లులు, ఫారం 3సీలో రోజువారీ రోగుల రిజిస్టరు, ఏడాది మొదట్లోనూ చివర్లోనూ మందుల నిల్వ పట్టిక ఉంచాలి. బిల్లు దొరకని ఖర్చుకు సొంత వోచరు రూ.50 వరకే చెల్లుతుందని పాత చట్టం కింది రూల్ 6ఎఫ్ అంటుంది. ఈ రోజుల్లో ఆ డబ్బుకు ఆటో కూడా కదలదు, అయినా రూలు రూలే. సంబంధిత అసెస్‌మెంట్ సంవత్సరం ముగిశాక ఆరేళ్లు దాచాలి, అంటే 2024-25 కాగితాలు 2032 మార్చి 31 వరకు. వివాదం నడుస్తుంటే అది తేలేదాకా ఉంచాలి, స్థలాలు, యంత్రాలు కొన్న పత్రాలు అమ్మేదాకా ఉంచాలి. పెట్రోలు బంకు, మందుల షాపు యంత్రాల రసీదులు ఏడాది తిరగకుండానే తెల్లబడతాయి కాబట్టి వచ్చిన రోజే ఫొటో తీసి పెట్టుకోండి.

ప్రశ్న: టెక్సాస్‌లో ఉంటున్నాం. సొంత కన్సల్టింగ్. 2023 రిటర్నుపై ఐఆర్‌ఎస్ (అమెరికా పన్ను శాఖ) ఆడిట్ వచ్చింది. కారు మీద 14,000 మైళ్లు, తెలుగు సంఘానికీ గుడికీ ఇచ్చిన విరాళాలు అడుగుతున్నారు. మైళ్ల లాగ్ రాయలేదు. అంచనా ఒప్పుకుంటారని ఒక స్నేహితుడు అన్నాడు.

జవాబు: మీ స్నేహితుడు చెప్పింది 1930 నాటి కోహన్ తీర్పు గురించి. ఖర్చు అయిందన్నది ఖాయమై ఎంతన్నది తెలియనప్పుడు, పుస్తకాలు రాయని తప్పు పన్నుదారుడిదే గనుక ఆయనకు అనుకూలం కాని వైపు మొగ్గుతూ, కోర్టు కొంత అంచనా వేయవచ్చని ఆ తీర్పు చెప్పింది. స్టేషనరీ, ఇంటర్నెట్ వంటివాటికి అది ఇప్పటికీ పనికొస్తుంది. కారుకు, ప్రయాణాలకు, బహుమతులకు పనికిరాదు. వాటికి అమెరికా పన్ను చట్టంలోని సెక్షన్ 274(డి) ప్రకారం ఎంత, ఎప్పుడు, ఎక్కడికి, ఏ వ్యాపార పని మీద అన్నవన్నీ చూపాలి. మైలుకు 65.5 సెంట్ల చొప్పున మీ మినహాయింపు 9,170 డాలర్లు, కాబట్టి శ్రమ పడటం దండగ కాదు. లాగ్ అదే రోజు రాసి ఉండాలన్న నియమం లేదు గానీ, తర్వాత కూర్చుని రాసిన దానికి బయటి ఆధారం తోడవ్వాలి. క్యాలెండరులోని మీటింగులు, క్లయింట్లకు పంపిన ఇన్‌వాయిస్‌లు, ఫోన్‌లోని ప్రయాణ చరిత్ర, సర్వీసు రసీదుల మీద ఓడోమీటరు అంకెలు తీసి, ఒక్కో ప్రయాణాన్ని వాటితో సరిచూస్తూ పట్టిక రాయండి. సరిపోలని ప్రయాణాలను మీరే తీసేయండి. 14,000 కాస్తా 9,500 అయినా, నిలబడే 9,500 మేలు.

విరాళాల సంగతి ఇంకా కఠినం. ఒక్కసారికి 250 డాలర్లు, ఆపైన ఇచ్చిన ప్రతి విరాళానికీ సంస్థ నుంచి లిఖితపూర్వక ధ్రువీకరణ, అదీ రిటర్ను వేసే తేదీకి లేదా గడువు తేదీకి, ఏది ముందైతే దానికల్లా మీ చేతికి వచ్చి ఉండాలి. బదులుగా మీకు ఏమైనా ఇచ్చారా లేదా అన్నది అందులో ఉండి తీరాలి. చెక్కు నకలు దాని స్థానాన్ని భర్తీ చేయదు, ఇప్పుడు తెప్పించుకున్న ఉత్తరం చెల్లదు. సంఘం ఉగాది విందు టికెట్టు కొని ఉంటే, భోజనం విలువ పోగా మిగిలినదే విరాళం. మీ ఊళ్లో రామాలయానికి నేరుగా పంపిన డబ్బు ఎంత పుణ్యమైనా అమెరికా లెక్కలో విరాళం కిందికి రాదు. ఆ పద్దు ఉంటే వాళ్లు అడగకముందే మీరే వెనక్కి తీసుకోండి. ఆడిట్ ముగింపులో 30 రోజుల ఉత్తరం వస్తే ఐఆర్‌ఎస్ అప్పీల్స్ విభాగానికి వెళ్లవచ్చు. అది దాటి పన్ను లోటు నోటీసు వచ్చిందంటే, ట్యాక్స్ కోర్టులో పిటిషను వేయడానికి 90 రోజులే ఉంటాయి, ఆ గడువును ఐఆర్‌ఎస్ అధికారి పొడిగించలేరు.